ఎంగిలి పడని మాస్కు

మా అత్తగారు మంగాదేవిగారు నీళ్లు తాగేటప్పుడు గ్లాసు పెదవికి తగలదు. జానెడు ఎత్తు నుంచి ధారగా పోసుకుంటారు, ఒక్క చుక్క మెడ మీద పడదు. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పేస్తారు. నోరు తగిలిన ప్రతి వస్తువూ ఎంగిలి, ఎంగిలి వస్తువు ఆవిడ వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు. పెళ్లయిన కొత్తలో నేను తెలియక హాల్లోని ఫ్రిజ్‌లోంచి సీసా తీసి మూతి పెట్టి తాగేశాను. ఆ రోజు నుంచి ఆ సీసా నాకే అంకితమైపోయింది. ఫ్రిజ్ తలుపులో ఒక మూల, మిగతా సీసాలకు దూరంగా, ఏదో తప్పు చేసినదానిలా నిలబడి ఉంటుంది.

ఎంగిలి ఎవరిదైనా ఎంగిలేనని ఆవిడ అంటారు. కానీ కొడుకు ప్రణవ్ మూతి పెట్టిన సీసా తోమితే మళ్లీ వంటింట్లోకి వచ్చేస్తుంది. రెండిళ్లవాళ్లమూ ఈ బెంగాలీ మహానగరంలో స్థిరపడ్డ తెలుగువాళ్లమే. వాళ్లది బ్యాంకు ఆఫీసర్ల కుటుంబం. మాది రేవు పక్క కూలీల పేట వాట్‌గంజ్, మా నాన్న వెంకటేశు కార్పొరేషన్‌లో చెత్త లారీ తోలి రిటైరయ్యాడు. ప్రణవ్, నేను రిజిస్టర్ పెళ్లి చేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనవలసిందంతా ఆ సీసాయే అంటుంది.

అలాంటి మనిషి ఒకరోజు పప్పులో పోపు పెడుతూ, వెనక్కి తిరగకుండానే, "జ్యోతీ, నేనూ మీ క్లబ్బులో చేరతానే" అన్నారు.

నేను స్కూల్లో ఆటల టీచర్ని. ఆదివారాలు ఢాకురియా వైపు ఒక ఈత క్లబ్బుకు వెళ్లి ఫ్రీడైవింగ్ నేర్చుకుంటున్నాను. వీపున సిలిండరు ఉండదు, నోట్లో గొట్టం ఉండదు. గట్టిగా ఒక ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరితోనే లోపలికి పోయి రావాలి. చలికాలంలో క్లబ్బువాళ్లు, నేర్చుకున్నవాళ్లను అండమాన్ సముద్రంలో ముంచడానికి తీసుకెళ్తారు.

"మీకేటయింది అత్తయ్యగారూ?" అన్నాను.

"ఏమీ అవలేదు. పూరీ వెళ్లాం, దీఘా వెళ్లాం, విశాఖపట్నం వెళ్లాం. అందరూ కేరింతలు కొడుతూ నీళ్లలోకి దిగుతారు. నేను ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాస్తాను. పెళ్లయినప్పటి నుంచీ సముద్రం దగ్గర నేను చూసినవి చెప్పులే. ఒక్కసారి దాని లోపల ఏవుందో చూడాలి."

నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆవిడ కోనసీమ కాలవల్లో ఈదుతూ పెరిగిన మనిషి. నేను చూస్తున్న ఇన్నాళ్లలో ఆవిడ తన కోసం ఏదైనా కావాలనడం వినలేదు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గుండె, చెవులు చూసి ఆయన సరేనన్నాడు.

ముందు ప్రణవ్ తల్లి మీద ప్రేమ కొద్దీ ఆన్‌లైన్‌లో ఒక మాస్కు తెప్పించాడు. ముఖమంతా కప్పేసి, నెత్తి మీద గొట్టం ఉండే రకం. అది పెట్టుకుంటే ఆవిడ వెల్డింగ్ పనికి బయల్దేరినట్టు ఉన్నారు. మా కోచ్ తాపస్‌దా దాన్ని చూడగానే, అది నీళ్ల మీద తేలేవాళ్లకు గాని మునిగేవాళ్లకు కాదు, వెనక్కి పంపెయ్యమన్నాడు. మామూలు ఈత కళ్లద్దాలూ పనికిరావు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు అద్దాన్ని ముఖం మీదికి నొక్కుతాయి. ముక్కుతో కాస్త గాలి వదిలితే ఆ నొక్కుడు సర్దుకుంటుంది. అందుకని ముక్కు మాస్కు లోపలే ఉండాలి. లోపలి ఖాళీ మాత్రం ఎంత తక్కువుంటే అంత మంచిది, లేకపోతే ఉన్న ఒక్క ఊపిరీ దాన్ని నింపడానికే చెల్లిపోతుంది.

ఇదంతా దారి పొడుగునా పాఠం చెప్పి ఆవిడను మైదాన్ మార్కెట్లో ఆటసామాన్లు అమ్మే కొట్టుకు తీసుకెళ్లాను. గుమ్మం దాటగానే టీచరు ఎవరో ఆవిడ మర్చిపోయారు. వంకాయలు ఏరినట్టు మాస్కులు ఏరడం మొదలుపెట్టారు. అంచున ఉన్న సిలికాన్ను మడిచి చూశారు, సాగదీసి చూశారు, వాసన కూడా చూశారు. నేను ముచ్చటపడి తీసిన నీలం మాస్కును "రంగు తప్ప ఏవుందే దీనికి" అని పక్కన పడేశారు.

మాస్కు మన ముఖానికి సరిపోయిందో లేదో తెలియాలంటే, పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చేతులు వదిలేయాలి. గాలి జొరబడే సందు లేకపోతే అది పడిపోకుండా అతుక్కుంటుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పడం నా పొరపాటు. ఒక నల్ల మాస్కు అతుక్కుంది. అది నిజంగా అతుక్కుందో లేదో తేల్చుకోవడానికి అత్తగారు చేతులు వెనక్కి కట్టుకుని కొట్టంతా ఒక చుట్టు తిరిగారు. క్రికెట్ బ్యాట్లు చూసుకుంటున్న ఒకాయన గోడకు ఒదిగి దారిచ్చాడు. కొట్టతను బెంగాలీలో పిన్నిగారన్నట్టు "మాషీమా, ఊపిరి తీసుకోండి, ఊపిరి!" అంటూ వెంట నడిచాడు.

చివరికి మాస్కు తీసి, "బేసరి నొక్కుకోవట్లేదు. ఇదే" అన్నారు. ఆవిడ ముక్కున పెళ్లినాటి బేసరి ఉంది. దాన్ని తియ్యరు, కాబట్టి మాస్కే దానికి చోటివ్వాలి. నాకు సరైన మాస్కు దొరికేలోపు చెత్త మాస్కులు కొని కొని విసిగిపోయాను. ఆవిడకు మొదటి రోజే దొరికిపోయింది. నాకు ఒళ్లు మండింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, క్లబ్బు కొలనులో దిగీ దిగగానే ఆ అద్దానికి లోపలంతా ఆవిరి పట్టేసింది. కొత్త అద్దాల మీద తయారీలో వచ్చిన సన్నటి జిడ్డు పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్టుతో దాన్ని వదలగొట్టాలి. అత్తగారు ఇత్తడి చెంబు తోమినట్టు తోమారు. ఆవిరి తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ముఖం వెచ్చన, అద్దం చల్లన. లోపలి తేమ పోయి అద్దం మీద కూర్చుంటుంది. మునిగే ముందు ప్రతిసారీ అద్దానికి ఏదో ఒకటి పల్చగా రాయక తప్పదు.

"మీరంతా ఏం రాస్తారే?" అన్నారు ఆవిడ.

"ఉమ్ము."

"ఏవిటీ?"

"ఉమ్మేసి, యేలితో రాసి, ఒక్కసారి నీల్లల్లో ముంచి పారబోత్తారండి. లోకంలో అందరూ అదే సేత్తారు."

నేను అప్పటికప్పుడు ఉమ్మేస్తానేమోనని ఆవిడ మాస్కును గుండెకు పొదువుకున్నారు. "ముఖానికి పెట్టుకునేదాంట్లో ఉమ్మడవేవిటే, ఛీ!"

"మీ ఉమ్మే కదండీ. మీకు మీరే ఎంగిలేటి?"

"నోట్లో ఉన్నంతసేపే నాది. బయటికొస్తే ఎంగిలే."

నేను ఈ మాటను బెంగాలీలో చెబితే తాపస్‌దా పడీ పడీ నవ్వాడు. వాళ్లకూ ఎంగిలి ఉంది, ఎఁటో అంటారు. "మా నాయనమ్మ బతికుంటే మాషీమాకు మంచి స్నేహితురాలయ్యేది" అన్నాడు. అక్కడితో ఊరుకోక, "నీళ్లలో ఎఁటో ఏమిటి మాషీమా? చేపలు తినేదీ అందులోనే, తక్కినవన్నీ చేసేదీ అందులోనే" అన్నాడు. ఆ పూట అత్తగారు మళ్లీ కొలనులోకి దిగలేదు.

బతిమాలి బతిమాలి బేబీ షాంపూకు ఒప్పించాను. నీళ్లలో కలిపి ఒక చుక్క రాస్తే ఉమ్మి చేసే పనే చేస్తుంది. చిన్న సీసాలో కలిపి ఇచ్చాను కూడా. ఆవిడ వాదించకుండా సీసా తీసుకుని సంచిలో పెట్టేసుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

అండమాన్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే పరీక్ష ఆదివారం పొద్దున. కొలను లోతు వైపు అడుగున తాపస్‌దా ఒక పలక మీద ఏదో బొమ్మ గీసి పెడతాడు. ఒక్క ఊపిరితో దిగి, అదేమిటో చూసి, పైకొచ్చి చెప్పాలి. మనిషికి రెండు అవకాశాలు. తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. అప్పటికి అత్తగారికి అరవై నిండుతాయి, అరవై నిండినవాళ్లను క్లబ్బు అండమాన్‌కు తీసుకెళ్లదు.

"ఇది పోతే ఇక నా బతుక్కి చెప్పులే" అన్నారు ఆవిడ, టాక్సీలో.

మామగారు శ్యామసుందర్‌గారు గట్టు మీద బెంచీలో, మా ఇద్దరి చెప్పుల పక్కన కూర్చున్నారు. అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ నడుం దగ్గర వంగి, బాతులాగా తల ముందు పెట్టి దిగారు. తోడుగా నేనూ దిగాను. ఆవిడ అద్దం చూసి ఆశ్చర్యపోయాను. ఆవిరి మచ్చుకైనా లేదు, తళతళలాడుతోంది. నేను కలిపిచ్చిన షాంపూ మహిమ అని మురిసిపోతున్నాను. సగం దూరంలో ఆవిడ కాళ్లు టపటపా కొట్టుకున్నాయి. మాస్కు పీకేసుకుని పైకి లేచారు.

"మంట! కళ్లు మంట!"

గట్టు మీదికి చేర్చి మాస్కు వాసన చూశాను. వాట్‌గంజ్‌లో మా అమ్మ నన్ను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని తల రుద్దిన రోజులన్నీ ముక్కులోకి వచ్చాయి. కుంకుడుకాయ!

"నేనిచ్చిన సాంపూ ఏటయిందండి?"

"అందులో ఏం మందులు కలుపుతారో ఏవిటో. పొద్దున్నే నాలుగు కుంకుళ్లు కొట్టి రసం తీశాను. నురగ వచ్చిందా లేదా? ఆవిరి పట్టిందా?"

"కళ్లకి కుంకుడు రసం కట్టుకుంటారేటండి ఎవులైనా!"

"నీ పాఠం తర్వాత. ముందు ఉప్పు! ఉప్పు తే!"

కళ్లలో కుంకుడు పడితే నోట్లో ఉప్పు వేసుకోవాలని మన పిల్లలందరికీ తెలుసు. పాపం తాపస్‌దాకు తెలియదు. కళ్లు మండుతున్న మనిషి ఉప్పు కావాలని కేకలు పెడుతుంటే మతి చలించిందనుకుని అంబులెన్సుకు ఫోన్ తీశాడు. ఈలోగా మామగారు చెప్పుల్ని వాటి ఖర్మానికి వదిలేసి, గేటు బయట ఝాల్‌మూరీ మరమరాలు అమ్మేవాడి దగ్గరికి ఉత్త కాళ్లతో పరిగెత్తి, పొట్లంలో నల్లుప్పు పట్టుకొచ్చారు. అత్తగారు గుప్పెడు ఉప్పు నోట్లో వేసుకున్నారు. నేను కళ్లలో నీళ్లు పోస్తూనే ఉన్నాను.

మంట తగ్గింది. తాపస్‌దా ఆవిడ కళ్లు విప్పి చూసి, అందరూ అయిపోయాక చివర్న రెండో అవకాశం ఇస్తానన్నాడు. ఒకటే షరతు. ఇక ఏ షాంపూ, ఏ సబ్బు, ఏ కాయా ఆ కళ్ల దరిదాపులకు రాకూడదు.

మాస్కును శుభ్రంగా కడిగి, ఏమీ రాయకుండా పెట్టి చూశాం. మళ్లీ ఆవిరి. మసక తప్ప ఏమీ కనబడలేదు ఆవిడకు. వరసలో మనుషులు తగ్గిపోతున్నారు. ఆవిడ "సరే" అని లేచి, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

థూ అన్న చప్పుడు వచ్చింది. అంతే వచ్చింది. భయానికి నోరు పిడచగట్టుకుపోయింది, ఉన్న కాస్త తడినీ నల్లుప్పు పీల్చేసింది. మళ్లీ ప్రయత్నించారు. నీళ్లు ఎత్తి పోసుకుని ప్రయత్నిస్తే నీళ్లే వచ్చాయి.

"రావట్లేదే" అన్నారు, నా వైపు తిరిగి. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. నాకు జాలేసింది. ఆవిడ మీద జాలిపడే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"మాషీమా!" అని తాపస్‌దా పిలిచాడు.

ఆవిడ కొలను వైపు చూశారు. మాస్కు వైపు చూశారు. ఆ తర్వాత దాన్ని నా ముందుకు చాపారు.

"నువ్వు వెయ్యి."

"ఏటండీ?"

"ఏటీ లేదు, నువ్వు ఉమ్మవే. పిలుస్తున్నాడు."

నిజం చెప్పొద్దూ? అత్తగారి ముఖానికి తగిలేలా ఉమ్మే యోగం ఎంతమంది కోడళ్లకు పడుతుంది, అదీ ఆవిడే చెయ్యి చాపి అడిగితే? ఇన్నేళ్లలో నేను మింగి ఊరుకున్నదంతా కలిపితే ఆ కొలనే నిండేది. తీరా ఆ మాస్కు చేతికొచ్చాక నా ధైర్యం ఎటు పోయిందో, అద్దం మూలన ఎంతో మర్యాదగా ఒక్క చుక్క వేశాను.

"ఏవిటే ఆ పిసినారితనం! అద్దవంతా ఎవరు రాస్తారు? సరిగ్గా వెయ్యి!"

సరిగ్గా వేశాను. వేలితో రాయబోతుంటే ఆవిడ లాక్కున్నారు. తన చూపుడువేలితో తనే రాశారు, మూలమూలలకూ, దోసెపెనానికి నూనె రాసినంత శ్రద్ధగా. నా ఎంగిలిని ఆవిడ చేత్తో ముట్టుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి కొలనులో ముంచి, పారబోసి, ముఖానికి పెట్టుకుని పట్టీ బిగించుకున్నారు.

ఈసారి ఆవిడ నిదానంగా దిగారు, తోడుగా నేనూ. మధ్యలో ముక్కు నొక్కుకుని చెవులు సర్దుకున్నారు. అడుగుకు చేరి, పలక మీదికి వంగి చూశారు. చూశాక పైకి రావాలి కదా, రారే! తల అటూ ఇటూ తిప్పుతూ సంతకు వచ్చినట్టు అన్నీ చూస్తున్నారు. పైకి పదమని వేలు చూపిస్తే అప్పుడు, మనసొప్పక, కదిలారు.

పైకొచ్చి, నేర్పినట్టే గబగబా ఊపిరి తీసుకుని, బాగున్నానని చేత్తో గుర్తు చూపించారు. తర్వాత మొదలుపెట్టారు. "చేప బొమ్మ. తోక మరీ పొట్టిగా వేశాడు. అడుగున ఎవరిదో జడపిన్ను పడి ఉంది. మూల పలకరాయి ఒకటి పగిలింది. జ్యోతీ, నీ కాలిగోళ్ల రంగు సగం ఊడిపోయిందే, చూసుకోవేవిటి?"

నేను తాపస్‌దాకు చేప వరకే చెప్పాను. అతను పలక గాల్లో ఊపి "అండమాన్, మాషీమా!" అని అరిచాడు. మామగారు నిలబడి చప్పట్లు కొట్టారు.

అత్తగారిలాగే రెండో అవకాశానికి మిగిలిన ఒక బెంగాలీ ఆవిడ, అద్దం మసకబారి, దిక్కుతోచక నిలబడి ఉంది. అత్తగారు కొలను నిచ్చెన మీద సగంలో ఆగి, ఎర్రబడ్డ కళ్లతో, కూరల బజారులో నేర్చిన బెంగాలీలో ఆవిడను కేకేశారు.

"దీదీ, ఇటివ్వండి. అమార్ బౌమా వేస్తుంది. మా కోడలు వేస్తే ఇక ఆవిరి పట్టదు."

పెళ్లయినప్పటి నుంచీ పరాయివాళ్ల ముందు నేను 'ప్రణవ్ వాళ్లావిడ'ని. మా కోడలు అనే మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. అది కూడా, అరిచి చెప్పారు.

ఆ దీదీ వచ్చి మాస్కు నా చేతిలో పెట్టింది. పట్టుకుని నిలబడ్డాను గాని, ఉమ్మడానికి నోట్లో చుక్క తడి లేదు. ఉన్నదంతా కళ్లలోకి వచ్చేసింది.