ఎనిమిదో తేదీ సీసాలు

ఇంట్లో ఆమెను అందరూ గాబరా అని పిలుస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి ఆర్పానా లేదా అని ఒకే పూట మూడుసార్లు లేచి చూసుకుందని ఆడపడుచు పెట్టిన పేరది. పాప పుట్టాక, ఊపిరి పీలుస్తోందా లేదా అని గంటగంటకీ చూడటంతో ఆ పేరు ఇల్లు దాటి ఆసుపత్రి దాకా పాకింది.

ఆసుపత్రి రెండో అంతస్తులో చివరి గది తల్లిపాల బ్యాంకు. పాలు ఎక్కువున్న తల్లులు ఇచ్చిపోయిన పాలను అక్కడ వేడిచేసి, పరీక్షకు పంపి, సీసాల్లో గడ్డకట్టించి చల్లపెట్టెలో దాస్తారు. పై అంతస్తు వార్డులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆ పాలే దిక్కు. పది నెలల కిందట గాబరా కూతురు కూడా ఆ వార్డులో పంతొమ్మిది రోజులు ఉంది. ముక్కూమొహం తెలియని తల్లుల పాలు తాగి ఒళ్లు చేసింది. అందుకే సీసాలు కడగడానికి, చీటీలు అంటించడానికి మనిషి కావాలనగానే గాబరా వెనకాముందూ చూడకుండా చేరిపోయింది. అమ్మ మంచాన పడితే ఏడో తరగతితోనే బడి మానేసింది గానీ, చీటీ మీద తేదీ రాయడానికి ఆ చదువు చాలు.

అంతకుముందు ఏ సీసా వాడాలో, ఏది పారబోయాలో పుస్తకంలో చూసుకునేవారు. పోయిన నెల పదిహేనో తేదీన, కంప్యూటరు ఉద్యోగం చేసే ఆడపడుచు వచ్చి కంప్యూటరులో ఒక స్క్రిప్టు రాసిచ్చింది. స్క్రిప్టు అంటే పెద్ద విషయమేం కాదు, కంప్యూటరు చెయ్యాల్సిన పనులు వరసగా రాసిపెట్టిన చీటీ లాంటిది. పొద్దున్నే ఒక మీట నొక్కితే చాలు. పరీక్షలో నెగ్గిన సీసాలు ఏవో చూసి, ఒక్కోదాని తేదీ లెక్కకట్టి, ఎప్పటిదాకా పనికొస్తుందో జాబితా అచ్చువేస్తుంది.

మొదటి వారం ఆ స్క్రిప్టు జాబితాతో పాటు ఇంగ్లీషులో ఏవో లైన్లు చూపించేది. గాబరా వెంటనే ఆడపడుచుకు ఫోన్ చేసేది.

“వదినా, ఏదో వచ్చింది. పేలిపోతుందా?”

“పేలదే తల్లీ. ఎక్కడో ఖాళీ లైను ఉంది, అంతే. నువ్వు నీళ్లు తాగు.”

వారం తిరిగేసరికి ఆ లైన్లు రావడం మానేశాయి. కంప్యూటరుకు బుద్ధొచ్చిందనుకుంది గాబరా.

ఈ నెల పదో తేదీ పొద్దున వార్డు నుంచి ఫోనొచ్చింది. కొత్తగా చేరిన పాప అరచేతిలో పట్టేంత ఉందట, వాళ్లమ్మకు ఇంకా పాలు పడలేదట. ఆ ఒక్క పాపకే కాదు, వార్డు మొత్తానికి కలిపి తొమ్మిది సీసాలు కావాలి, మొదటివి పదకొండింటికల్లా పైకి రావాలి. పాల బ్యాంకు చూసుకునే పెద్ద సిస్టర్ మీట నొక్కింది. మూడే మూడు లైన్లు వచ్చాయి. మూడూ ఏడో తేదీవి.

“ఎనిమిదో తేదీ ట్రేలో పదకొండు ఉన్నాయి మేడమ్,” అంది గాబరా.

“జాబితాలో లేవుగా. అంటే పరీక్ష తప్పాయి. తీసి పారబోసెయ్. నేను వార్డుకి డబ్బా పాలు కలుపుకోమని చెప్తా.”

డబ్బా పాలు అంత చిన్న కడుపుల్లో ఒక్కోసారి ఇమడవని ఆ పంతొమ్మిది రోజుల్లో గాబరా కళ్లారా చూసింది. ట్రే తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది. సీసాలు చల్లగా, బుజ్జిగా ఉన్నాయి. ఒకదాని మూత మీద చెయ్యి వేసింది. తిప్పితే ఇక అంతే, మళ్లీ పనికిరావు.

చెయ్యి తిరగలేదు.

వార్డులో ఉన్నప్పుడు పాప ఎన్నిసార్లు తాగిందో పాత కేలెండరు కాగితాల వెనక గీతలు పెట్టుకునేది గాబరా. ఆ అలవాటు పోలేదు. ఇక్కడ కూడా పరీక్ష చీటీ వచ్చినప్పుడల్లా నెగ్గిన సీసా నెంబరు రాసుకుని పక్కన గీత పెట్టుకుంటుంది. ఎవరైనా చూస్తే నవ్వుతారని జేబులోనే దాచుకుంటుంది. ఇప్పుడు ఆ కాగితం తీసి చూసింది. పదకొండు నెంబర్లు, పదకొండు గీతలు. రెండుసార్లు లెక్కపెట్టింది.

“మేడమ్, ఇవన్నీ నెగ్గాయి. నిన్న సాయంత్రం చీటీలు నేనే చూశాను.”

“కంప్యూటరు పరీక్ష గది లెక్క తీసుకుంటుందమ్మా, నీ కేలెండరు కాగితం కాదు.”

“ఒక్క పది నిమిషాలు ఆగండి మేడమ్. మీ కాళ్లకు మొక్కుతా.”

“కాళ్లెందుకులే, కానీయ్,” అంది పెద్ద సిస్టర్ గడియారం చూస్తూ. “పది నిమిషాలే.”

గాబరా సీసాలను మళ్లీ చల్లపెట్టెలో పెట్టి ఫోన్ చేసింది.

“ఏమే గాబరా, పాప ఊపిరి పీలుస్తోందా?”

“పాప బానే ఉంది వదినా. సీసాలే...” గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

అటువైపు నవ్వు ఆగిపోయింది. “స్క్రిప్టు తెరువు. చివరి లైనులో రెండు అంకె, బాణం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు మాట ఒకటి ఉంటాయి. మూడూ చెరిపేసి మళ్లీ నొక్కు. ఏమొస్తుందో అక్షరం అక్షరం చదువు.”

గాబరా చెరిపి, నొక్కింది. ఆ మూడు సీసాల కింద చాలా రోజులకు మళ్లీ ఇంగ్లీషు లైను కనిపించింది. కూడబలుక్కుంటూ చదివింది. చివర్న సున్నా, ఎనిమిది ఉన్నాయి.

“అయ్యో నా మతి మండ! అంకె ముందు సున్నా ఉంటే కంప్యూటరు దాన్ని ఎనిమిదుల లెక్క అనుకుంటుందే. ఎనిమిది వేళ్లున్న మనిషి లెక్కలాగా. సున్నా నుంచి ఏడు దాకానే దానికి అంకెలు. సున్నా ఎనిమిది అనేసరికి అదేంటో తెలీక అక్కడే చతికిలబడింది. ఆ తర్వాత ఒక్క సీసా కూడా చూడలేదు. ముప్పైకీ ముప్పై ఒకటికీ నెల తిరగడం సరిగ్గా చూసుకున్నా, ఎనిమిది దగ్గర బోర్లా పడ్డా.”

“ఎనిమిది వేళ్లేంటి వదినా?”

“నీ కూతురు బొటనవేళ్లు లోపల దాచి పిడికిళ్లు బిగిస్తుంది చూడు, అలాగ.”

అంత కంగారులోనూ గాబరాకు నవ్వొచ్చింది. “అయితే ఇదీ నాలాగే ఏడుతో ఆపేసిందన్నమాట.”

“ఆపేసింది. కానీ నువ్వు పదకొండు దాకా లెక్కపెట్టావుగా. ఇప్పుడు తేదీ లెక్క ఉన్న లైనులో, తేదీ ముందు పది అని కొట్టి, దాని పక్కన నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు ఉన్న గుర్తు పెట్టు. పది వేళ్లతో లెక్కపెట్టమని చెప్పడం అది.”

గాబరా కొట్టింది. సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చదివి వినిపించి, అప్పుడు నొక్కింది. మూడు లైన్ల కింద ఇంకో లైను, దాని కింద ఇంకోటి వచ్చాయి. మొత్తం పద్నాలుగు. పెద్ద సిస్టర్ అద్దాలు పెట్టుకుని, పరీక్ష గదికి ఫోన్ చేసి, కేలెండరు కాగితం పక్కన పెట్టుకుని నెంబర్లన్నీ సరిచూసింది. చల్లపెట్టె తెరిచి ఎనిమిదో తేదీ ట్రేని తనే బయటికి తీసింది.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. “మరి తప్పొస్తే అది చెప్పాలి కదా వదినా?”

“చెప్పేదే. నేనే దాని నోరు నొక్కాను. తప్పులు కనపడనీయొద్దని ఆ చివరి లైనులో నేనే రాశా. నువ్వు కంటినిండా నిద్రపోవట్లేదని తమ్ముడు చెప్పాడు. ఇంగ్లీషు లైను కనపడితే చాలు హడలిపోతున్నావు. కాస్త ప్రశాంతంగా ఉంటావని...” ముక్కు చీదింది. “నీ మంచికే అనుకున్నానే.”

గాబరాకు కోపం రావాల్సింది. రాలేదు. అమ్మ పోయాక తన నిద్ర గురించి ఇంతగా ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు.

“వదినా, నేను ఎలాగూ కంగారు పడతా. తెలిసి పడనీ. ఇక దాని నోరు నొక్కకు.”

“నొక్కను.”

“ఒట్టు?”

“నీ కూతురి మీద ఒట్టు.”

“పాప మీద వద్దు వదినా!”

“సరే, నా మీదే,” అంది ఆడపడుచు, ఏడుస్తూనే నవ్వి.

పదకొండు కాకముందే మొదటి సీసాలు గోరువెచ్చగా పైకి వెళ్లాయి. మధ్యాహ్నం ఖాళీ సీసాలు తేవడానికి గాబరా వార్డుకు వెళ్లింది. అరచేతంత పాప ముక్కులోని సన్నటి గొట్టం గుండా పాలు చుక్కచుక్కగా దిగుతున్నాయి. వాళ్లమ్మ కుర్చీలో కూర్చుని ఆ చుక్కల్నే చూస్తోంది. “ఆ చివర్ది కూడా దిగుతుందా అండీ?” అని అడిగింది. పది నెలల కిందట తనూ ఇదే మాట, ఇదే గొంతుతో అడిగింది.

“దిగుతుందమ్మా. కావాలంటే లెక్కపెట్టుకో,” అని జేబులోంచి కొత్త కేలెండరు కాగితం ఒకటి తీసి ఇచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాప అత్తగారి ఒళ్లో నిద్రపోతోంది. “ఊపిరి పీలుస్తోంది, చూసుకో,” అన్నారు అత్తగారు నవ్వుతూ, అడక్కముందే. గాబరా పక్కన కూర్చుని, బిగించిన పిడికిలి మెల్లగా విప్పింది. లోపల బొటనవేలు వెచ్చగా, ముడుచుకుని ఉంది. రెండో పిడికిలి కూడా విప్పి చూసింది. అన్నీ కలిపి పది.

తర్వాతి నెల పదో తేదీన అరగంట ముందే పనికి వెళ్లి మీట నొక్కింది. ఎనిమిదో తేదీ సీసాలు ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. కంప్యూటరు పక్కన గోడకు ఆమె కేలెండరు కాగితం వేలాడుతోంది. పెద్ద సిస్టరే మేకు కొట్టించి తగిలించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది గాబరా. లెక్క సరిపోయింది.

అయినా ఇంకోసారి లెక్కపెట్టింది.