పలక లోపలి పేరు

నేను ఒక మాండలిన్‌ని. ఎనిమిది తీగలు, పనసకర్ర పొట్ట, తెల్లకర్ర మొహం. ప్రస్తుతం హైదరాబాదులో ఒక పెద్దమనిషి హాల్లో గాజు బీరువాలో నిలబడి ఉన్నాను. నా కాళ్ళ దగ్గర ఇత్తడి రేకు మీద నన్ను చేసినవాడి పేరు చెక్కించారు. ఆ పేరు అబద్ధం. ఆ అబద్ధం ఎలా పుట్టిందో, దాన్ని కాపాడుకోడానికి నా గొంతు ఎలా తీశారో చెప్తాను. సొగసుగా చెప్పమని మాత్రం అడక్కండి. సొగసుగా పలకడం నాకు మొదటి నుంచీ రాదు.

నేను పుట్టింది నూజివీడులో, వీణలు చేసే ఇళ్ళున్న ఒక ఇరుకు సందులో. లక్కోజు మాణిక్యాచారి అని ముసలాయన. సగం జీవితం వీణలు చేసి, తర్వాత మాండలిన్లకి మళ్ళాడు. కంపెనీల్లో మాండలిన్లు ఇడ్లీల్లా వాయికి ఇన్ని చొప్పున దిగుతాయి. ఈయన ఒక్కటి చెయ్యడానికి మూడు నెలలు తీసుకునేవాడు. కొనేవాళ్ళు బెజవాడ నుంచి, మద్రాసు నుంచి వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడిచి, దేవుడి గదిలోకి వచ్చినట్టు లోపలికొచ్చేవారు. కర్రని తడిమి, కళ్ళు మూసుకుని, ఆహా అనేవారు. మనుషులకి ఆహా అనడం తేలిక. ఎవరు చేశారని అడగడమే కష్టం.

ఎందుకంటే మాణిక్యాచారికి చెవుడు. అరవై దాటాక మెల్లగా మొదలై, చివరికి పక్కన పిడుగు పడ్డా తలెత్తనంత అయింది. వాయిద్యాలు చేసేవాడికి చెవుడొస్తే ఊళ్ళో చెప్పుకుంటాడా. ఇంట్లో ముగ్గురికే తెలుసు: ఆయనకి, భార్యకి, కూతురు భ్రమరాంబకి. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొనేవాడొచ్చి వాయించి చూస్తున్నప్పుడు భ్రమరాంబ మజ్జిగ గ్లాసు తెచ్చి తండ్రి పక్కన పెట్టేది. కుడివైపు పెడితే బాగా పలికినట్టు. ఎడమవైపు పెడితే ఇంకా సరిచెయ్యాలని. ముసలాయన గ్లాసు చూసి, గంభీరంగా తలాడించి, తీర్పు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు ఆ చెవి మహిమకి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. దండం ఎప్పుడూ మజ్జిగ తెచ్చిన చేతికి కాదు.

చెవుడు తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. అప్పటి నుంచి ఉలి కూడా భ్రమరాంబే పట్టింది. ఆయన గుమ్మంలో కూచుని పేరు మోసేవాడు, ఆమె వెనక గదిలో కర్ర మోసేది. అలా పుట్టిన వాటిలో నేనొకణ్ణి.

నా పొట్ట, పడగొట్టిన ఒక సత్రం వంటింటి దూలం. తరాల తరబడి పొగ తాగి ఎండిన పనసకర్ర. నా పై పలక, విశాఖ రేవులో యంత్రాలు దిగిన పెట్టెల నుంచి ఏరుకున్న తెల్లకర్ర. పొట్ట తొలవడం పని తెలిసినవాడెవడైనా చేస్తాడు. పలకని సరిపెట్టడమే అసలు పని. ఒక మూల రెండు వేళ్ళతో వేలాడదీసి పట్టుకుని, మధ్యలో వేలి కణుపుతో తట్టి, విని, కాస్త చిత్రిక పట్టి, మళ్ళీ తట్టి వినాలి. మందంగా ఉంటే మూగ, పలచబడితే తప్పెట. మధ్యలో ఎక్కడో వెంట్రుకవాసి చోటుంటుంది. అది కంటికి కనపడదు. చెవికే దొరుకుతుంది.

నా పలక నాలుగు రోజులు మొండికేసింది. లావు తీగల వైపు గొంతు మూసుకుపోయి ఉంది. చిత్రిక వేస్తే మొత్తం పలచనైపోతుంది. భ్రమరాంబ చిన్న ఉలి తీసుకుంది, గోరంత మొన ఉన్నది. అడుగువైపు, సరిగ్గా గొంతు మూసుకున్న చోట, కర్ర తియ్యడం మొదలెట్టింది. ఊరికే గీతలు గీయలేదు. తన పేరు రాసింది. ఒక అక్షరం చెక్కి తట్టింది. ఇంకో అక్షరం చెక్కి తట్టింది. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, కర్రని సమంగా తీసుకుపోయాయి. చివరి అక్షరం దగ్గర తట్టేసరికి నా గొంతు తెరుచుకుంది. నేను మొదటిసారి మోగాను. ఆమె ఉలి కింద పెట్టేసింది. ఇంకొక్క పొట్టు తీసినా నేను చెడిపోయేవాణ్ణి, తియ్యకపోయినా చెడిపోయేవాణ్ణి. నా గొంతు ఆమె పేరంత లోతు. కవిత్వం కాదిది, కొలత.

మూసే ముందు ముసలాయన పలక చేతిలోకి తీసుకున్నాడు. చెవుడు వచ్చాక ఆయన వేళ్ళతోనే చూసేవాడు. అడుగున వేళ్ళు పోనిచ్చాడు. ఆగాడు. ఒక్కో అక్షరం మీద వేలు నడిపాడు. కూతురు గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన లేచాడు. తోలు ఉడికించి తీసిన జిగురు పొయ్యి మీద ఉంటే తానే తెచ్చి, వణుకుతున్న చేత్తో తానే పూసి, నన్ను మూసేశాడు. తర్వాత పలక మధ్య రంధ్రంలోంచి చూస్తే పొట్ట లోపల కనపడే చోట తన పేరు, ఊరు అచ్చేసిన కాగితం అంటించాడు. అది దీవెన అని భ్రమరాంబ చాలాకాలం అనుకుంది. నన్నడిగితే సమాధి అంటాను.

నన్ను మొదట కొన్నది ఏలూరు దేవసహాయం. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడు. వచ్చి అందరిలా కర్ర తడమలేదు. కూచుని గంటసేపు వాయించాడు. భ్రమరాంబ మజ్జిగ గ్లాసు తెచ్చి తండ్రికి కుడివైపు పెట్టబోయింది.

"ఆ గ్లాసు ఇటియ్యమ్మా," అన్నాడు దేవసహాయం. గటగటా తాగి, మూతి తుడుచుకుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అన్నాడు. "మీ నాన్న చేసినయ్యి రెండు వాయించాను. కమ్మగా పలుకుతాయి, ఒప్పుకుంటాను. ఇది కమ్మగా లేదు. గద్దిస్తంది. ఇది నీ చెయ్యి."

ఆమె గుమ్మంలో కూచున్న తండ్రి వైపు చూసింది. "ఆయనకి చెప్పకండి బాబాయి గారూ."

"గంట వాయించినా తలెత్తలేదు, నేను చెప్పినా ఆయనకి వినపడుద్దా ఏంటి," అని నవ్వి, నన్ను సంచిలో పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళు నేను ఆయన ఒళ్ళో బతికాను. బతికాను అన్నది ఆ పదకొండేళ్ళకే. పెళ్ళిపందిళ్ళలో జనం లడ్డూ ఇంకోటి వెయ్యమని కేకలు పెడుతుంటే వాటి మీదుగా గద్దించాను. చెమట, పసుపు, అత్తరు, వాననీళ్ళు, అన్నీ నా కర్రలోకి దిగాయి. కర్రకి అదే తిండి. తర్వాత ఒకరోజు దేవసహాయానికి పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి పడిపోయింది. తీగల కింది మెట్ల మీద వేళ్ళు నడిపే చెయ్యి అదే. ఏడాదిపాటు నన్ను మంచం పక్కన పెట్టుకుని కుడిచేత్తో ఉత్త తీగలు మీటేవాడు. చివరికి, మూగగా ఉంచడం పాపమని పాత వాయిద్యాలమ్మే బేరగాడికి ఇచ్చేశాడు. ఇస్తూ, వాయించేవాళ్ళకే అమ్మాలన్నాడు. దీన్ని చేసింది మాణిక్యాచారి కాదు, ఆయన కూతురు అని కూడా చెప్పాడు.

బేరగాడు చేతులు జోడించాడు. "ఈ రెండో మాట ఇక్కడే వదిలెయ్యండి పెద్దాయనా. దీనికి ఆ కాగితమే ప్రాణం."

మొదటి మాట కూడా అక్కడే వదిలేశాడు.

అలా కేశవప్రసాద్ గారి దగ్గరికి వచ్చాను. మందుల కంపెనీ ఉంది ఆయనకి. చేత్తో చేసిన వాయిద్యాలంటే ప్రాణం అంటాడు. యంత్రంలో ఆత్మ ఉండదట, మనిషి చేతిలో ఉంటుందట. నన్ను చూపిస్తూ వచ్చినవాళ్ళకి అరగంట చెప్పేవాడు: ఇది మాణిక్యాచారి చివరి దశ, ఈ దశలో ఆయన శ్రుతిలో ఒక ఆగ్రహం వచ్చింది, గమనించండి. గమనించడానికి వాయించాలి కదా. వాయించేవాడు కాదు. తీగలు తుప్పు పడతాయట. గాజు బీరువాలో పెట్టి, పగలూ రాత్రీ ఏసీ తిప్పాడు. పొగ, చెమట, వాన తిని పెరిగిన కర్ర ఆ పొడిగాలికి తాళలేకపోయింది. మూడో వేసవికి నా పలక నిలువునా చిట్లింది.

నా పొట్టలో అంటించిన కాగితం మీద ఊరి పేరుంది. మాణిక్యాచారి పోయి అప్పటికి ఆరేళ్ళు. కూతురు మరమ్మతులు చేస్తుందని ఎవరో చెప్తే, కేశవప్రసాద్ గారే నన్ను కార్లో వేసుకుని నూజివీడు వచ్చాడు.

నేను భ్రమరాంబని గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. వెనక గదిలో మాండలిన్లు లేవు. సోఫా కాళ్ళున్నాయి, వరసగా, ఎవరిదో ఫర్నిచర్ షాపువి. తండ్రి పోగానే ఆర్డర్లు ఆగిపోయాయి. ఆడమనిషి చేసింది ఎంతకాలం నిలుస్తుందని ఒకడు అడిగాడట. మీ చిన్నాన్న కొడుకుని గుమ్మంలో కూచోబెట్టు, నువ్వు లోపల చేసుకో, కొంటాను అని ఇంకొకడు అన్నాడట. ఒకసారి గుమ్మంలో మనిషిని కూచోబెట్టి బతికింది చాలు అనుకుని, ఆమె సోఫా కాళ్ళు చెక్కుకుంటోంది. తన పని తనదేనని చెప్పడానికి ఆమె దగ్గర సాక్ష్యం లేదు. సాక్ష్యం ఉన్నది నా కడుపులో.

పలక అతికించాలంటే విప్పాలి. ఆమె కత్తి వేడిచేసి అంచు వెంట నడిపింది. కేశవప్రసాద్ గారు కుర్చీ వేసుకుని ఫోనులో వీడియో తీస్తున్నాడు, మహాశిల్పి లోపలి పనితనం స్నేహితులకి చూపించాలని. పలక లేచింది. ఆమె దాన్ని వెనక్కి తిప్పి వెలుతుర్లో పెట్టింది. పెద్ద అక్షరాలు, లోతుగా, ఇప్పుడే చెక్కినట్టు.

ఆయన చదివాడు. వీడియో ఆపేశాడు. ఇదేంటని అడిగాడు. ఆమె చెప్పింది, మొత్తం, మజ్జిగ గ్లాసుతో సహా. చెప్తున్నప్పుడు ఆమె గొంతులో ఆశ ఉంది. మనిషి చేతిలో ఆత్మ ఉంటుందన్న మనిషి కదా. చేతులు చూస్తాడనుకుంది.

ఆయన ఫోను చూసుకున్నాడు. తీసిన వీడియో చెరిపేశాడు. తర్వాత ఎంతో మర్యాదగా, ఉప్పు కాగితం పెట్టి ఆ అక్షరాలు రుద్దేసి మూసెయ్యమన్నాడు. ఇకమీద మాణిక్యాచారి వాయిద్యాలన్నీ మరమ్మతుకి ఆమె దగ్గరికే పంపిస్తానన్నాడు, జీవితాంతం పని ఉంటుందన్నాడు.

"అది రుద్దితే గొంతు పోద్దండి," అంది భ్రమరాంబ. "ఆ మందం నేను విని సరిపెట్టింది. పేరు తీస్తే పలక మొత్తం పలచబడిపోద్ది. డబ్బాలా కొడద్ది."

"నేను వాయించను కదమ్మా."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. పనిమంతులకి ఇలాంటివి ఆలస్యంగా అర్థమవుతాయి. వాయిద్యానికి గొంతు అక్కర్లేదనే మనిషి ఉంటాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"మరి మీరు కొన్నదేంటండి?"

"మీ నాన్నగారి పేరు," అన్నాడు ఆయన. వెటకారం కాదు. నిజమే చెప్పాడు.

భ్రమరాంబ పలకని బల్ల మీద పెట్టింది. సోఫా కాళ్ళ వైపు ఒకసారి చూసింది. జీవితాంతం పని అన్నాడు కదా. తర్వాత పలకని రెండు వేళ్ళతో వేలాడదీసి, పుట్టినప్పటిలాగే కణుపుతో తట్టింది. చిట్లిన పలక, అయినా పలికింది. దాన్నీ పొట్టనీ పాత దుప్పట్లో చుట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇంకెవరితోనైనా చేయించుకోండి. నాకిది చాతకాదు."

ఇంకెవరో దొరకడం ఎంతసేపు. హైదరాబాదులో ఒక ఫర్నిచర్ దుకాణంలో కరెంటు రాపిడి మిషను పెట్టారు. నాలుగు రోజులు విని వెతికిన చోటు రెండు నిమిషాల్లో పొడైంది. భ్రమరాంబ పేరు నేల మీద తెల్లటి పిండిలా పడితే చీపురుతో ఊడ్చారు. చిట్లిన చోట మైనం నింపి, తెల్ల జిగురు పెట్టి నన్ను మూశారు. మెరుపు మాత్రం బాగా వచ్చింది.

మొన్న ఇంటికి అతిథులొచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఒక్కసారి మీటొచ్చా అని అడిగింది. కాదనలేక బీరువా తెరిచాడు. మీటింది. రేకు డబ్బా మీద గులకరాయి పడినట్టు మోగాను. ఒక్క క్షణం అందరూ మొహాలు చూసుకున్నారు.

"పాత వాయిద్యాలు అంతే. లోలోపల పలుకుతాయి," అన్నాడు కేశవప్రసాద్ గారు.

అందరూ తలలాడించారు. ఆహా అన్నారు.

ఆ అతిథుల్లోనే ఒకడు ఫోను తీసి, నూజివీడు నుంచి ఈమధ్య ఇంకో మాండలిన్ వచ్చింది చూడండన్నాడు. ఏలూరులో ఒక చర్చివాళ్ళు చేయించుకున్నారట. వాళ్ళని ఎవరు పంపించి ఉంటారో నాకు తెలుసు. ఎడం చెయ్యి పడిపోయినా ఆయన చెవులు పడిపోలేదు. ఫొటోలో మాండలిన్ పై పలక మీద, బయటికే, బొటనవేలంత అక్షరాలతో చేసినామె పేరు చెక్కి ఉందట. మొహం మీద పేరేంటి, సినిమా పోస్టరా అని నవ్వారు. అది వాయిస్తున్న వీడియో పెట్టాడు. వినగానే కేశవప్రసాద్ గారు, మరీ కరుకుగా ఉంది, గద్దిస్తున్నట్టు, అన్నాడు.

గాజు తలుపు ఇంకా మూయలేదు. ఆ గద్దింపు వచ్చి నన్ను తాకింది. నా పలక కదల్లేదు, దానికిక రాదు. తీగలు మాత్రం కదిలాయి, ఎనిమిదీ. ఎవరూ చూడలేదు. ఆయన తలుపు వేసి తాళం పెట్టాడు.