స్వయంపాకం

డోంగ్లి ఊరి కిష్టయ్య తాను వండుకున్నది కాక ఈ లోకంలో ఇంకొక్క చేతి వంటే తినేవాడు. ఆ చెయ్యి కూతురు గంగామణిది. పండరి పోయి మెడలో తులసిమాల వేసుకున్న నాటి నుంచి, నీసు వండే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. భార్య పోయినప్పుడు అక్కచెల్లెళ్ళు వచ్చి పిల్లను తాము సాకుతామన్నారు. మీ కుండల్లో కోడి ఉడుకుతుందని ఇవ్వనన్నాడు. తానే పొయ్యి ముందు కూర్చుని పిల్లకు వంట నేర్పాడు. విఠలునికి పెట్టకముందే రుచి చూస్తే ఎంగిలి కనుక ఉప్పును వాసనతోనే పట్టాలన్నాడు. వండేటప్పుడు ఎవరినీ తిట్టుకోవద్దన్నాడు. తినేవాడు అడిగితే కుండలో ఏముందో దాచవద్దన్నాడు. మగవాడు ఆడపిల్లకు వంట నేర్పడమేమిటని ఊరంతా నవ్వుకుంది గాని, ఆ పిల్ల చేసిన శనగపిండి పిట్ల, జొన్నరొట్టె తిన్నవాళ్ళెవరూ మళ్ళీ నవ్వలేదు.

ఎల్లారెడ్డిలో ఉండే వెంకటికి ఇచ్చి పెళ్ళి చేసేటప్పుడు కిష్టయ్య ఒక్కటే మాట తీసుకున్నాడు. పిల్ల నీసు తినదు, వండదు. అత్త సత్యమ్మ సరేనంది, మాట నిలబెట్టుకుంది కూడా. ఆదివారం వచ్చిందంటే వెంకటే పెరట్లో రాళ్ళపొయ్యి మీద కూర వండి తల్లికి పెట్టేవాడు. సత్యమ్మ నోరు మాత్రం ఊరుకునేది కాదు. "మీ బాపు బిడ్డను పెంచిండా, మేకను పెంచిండా? ఎప్పుడు సూడు ఆకులే" అనేది. అంటూనే పుంటికూర పప్పు మారు వేయించుకునేది.

తర్వాత వెంకటి దుబాయి పోయాడు. ఆ వానాకాలమే సత్యమ్మ బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కామారెడ్డి తీసుకుపోతే డాక్టరు కొన్నాళ్ళు చూసి, "ఇంటికి తీస్కపోండి. ఏదడిగితే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియనంత చిన్నపిల్ల కాదు గంగామణి. బస్సులో దారి పొడుగునా అత్త తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ముసలమ్మకు రోజురోజుకూ తిండి తగ్గిపోయింది. ఒకనాడు పొద్దున పళ్ళెం పక్కకు జరిపి, "కోడికూర తినబుద్ధయితున్నదే" అంది.

పాలు పోయడానికి వచ్చిన పక్కింటి సఫూరా ఆ మాట విని, "నేను వండి తెస్త పెద్దవ్వా" అంది.

"నీ వంట తింటనే ఉన్న గదనే. నా కోడలి చేతిది కావాలె." సత్యమ్మ గంగామణి వైపు తిరిగింది. "ఈ గల్లీల నీ లెక్క వండెటోళ్ళు లేరు. ఆకులు తిని తెలుసుకున్న నేను. నాకిష్టమైనది మటుకు నీ చేతిల పడకపాయె. ఒక్కపారి వండు. వద్దంటె వద్దు, బలిమి లేదు."

బలిమి లేదు అన్న మాటే అన్నిటికన్నా పెద్ద బలిమి అయింది. గంగామణికి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఊరుకుని పోయే ముందు అడగాలా అనుకుంది. ఆ వెంటనే, పోయే ముందు కాక ఇంకెప్పుడు అడుగుతుందని తన మీద తనకే కోపం వచ్చింది. సంగతి తెలిస్తే బాపు మళ్ళీ తన చేతిది తినడు. తన చేతిది తినకపోతే ఆయన ఇంక ఎవరిదీ తినడు. అయినా మంచంలో ఉన్న మనిషి ముఖం చూస్తే కాదనడానికి నోరు రాలేదు.

సఫూరా మొగుడు అబ్బాస్ కోడిని కోసిచ్చాడు. సఫూరా దాన్ని శుభ్రంగా కడిగి తెచ్చి, "కండ్లు మూసుకొని కుండల వెయ్యి, తతిమ్మాది నేను చెప్త" అంది. గంగామణి పెరట్లో వెంకటి రాళ్ళపొయ్యి రాజేసింది. ముక్కుకు కొంగు కట్టుకుంది. ముక్కు మూసుకుంటే ఉప్పు తెలియదు కదా! కొంగు విప్పేసింది. కళ్ళలో నీళ్ళు కారుతుండగా ఆ వాసనంతా పీలుస్తూ, బాపు నేర్పినట్టే, ఉప్పు పట్టింది.

సత్యమ్మ ముద్ద ముద్దకూ కళ్ళు మూసుకుంటూ, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తింది. ఆ రోజు మేకల ఊసు ఎత్తలేదు.

మధ్యాహ్నం బస్సుకు కిష్టయ్య దిగాడు. వియ్యపురాలికి బాగాలేదని ఎవరో చెబితే చూడడానికి వచ్చాడు. సంచీ దింపి, మంచం దగ్గర కాసేపు కూర్చుని, కాళ్ళు కడుక్కుని అరుగు మీదకు వచ్చాడు. "ఆకలైతున్నది బిడ్డా. ఏం వండినవ్?"

లోపలి పొయ్యి మీద పప్పు ఉంది. ఆ పొయ్యి వేరు, గిన్నెలు వేరు. తెచ్చి వడ్డిస్తే అడిగేవాడు లేడు. గడపలో నిలబడ్డ సఫూరా చెప్పవద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"లోపల పప్పున్నది బాపు" అంది గంగామణి. "గానీ పొద్దుగాల గీ చేతులతోనే అత్తమ్మకు కోడికూర వండిన."

కిష్టయ్య చేతిలోని తువ్వాలును మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఆమె అడిగిందా?"

"అడిగింది."

"పాణం మీద ఉన్న మనిషి. పాపం అంటదు తీ. పండరి పోయి చంద్రభాగల మునిగొస్తివంటె మళ్ళ నీ చేతిది తింట. ఇగ వండవు గదా?"

వండను అంటే చాలు. ఆ ఒక్కమాటతో అంతా సర్దుకునేది. తండ్రి కూడా ఆ మాట కోసమే ఆశగా చూస్తున్నాడు.

"అడిగితే మళ్ళ వండుత బాపు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "అయితె ఇన్ని బియ్యం, ఇంత పప్పు ఇయ్యి బిడ్డా. నేనే వండుకుంట" అన్నాడు.

ఊరు కాని ఊర్లో, ఎవరో తెలియని వాళ్ళ గుమ్మం ముందు అడిగినట్టు, సొంత కూతురిని స్వయంపాకం అడిగాడు. గంగామణి చేటలో బియ్యం, పప్పు పోసి తెచ్చింది. కిష్టయ్య ఆ రాళ్ళపొయ్యి వైపు చూడనైనా చూడలేదు. బయటి నుంచి వేరే రాళ్ళు ఏరుకొచ్చాడు. పండరి యాత్రకు వాడే ఇత్తడి గిన్నెలు సంచీలోంచి తీశాడు. నీళ్ళు తానే చేదుకున్నాడు. వంగి పొయ్యి ఊదుతుంటే దగ్గు వచ్చింది. ఊదడానికి గంగామణి ముందుకు వస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

వంట అయ్యాక కిష్టయ్య మూడు మోదుగాకు విస్తర్లు వేశాడు. "నా చేతిది నువ్వు తినొచ్చు, రా. ముందుగాల మీ అత్తమ్మకు ఇంత పెట్టిరా" అన్నాడు. ఆ పిలుపులో ఉన్నది ప్రేమే. అందుకే గంగామణికి మరింత మండింది.

విస్తరి ముందు పెడితే సత్యమ్మ, "ఎవలు వండిండ్రు?" అంది.

"బాపు."

"నీకేమైంది?"

గంగామణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ముసలమ్మ విస్తరిని వేళ్ళతో అవతలికి నెట్టింది. "నా కోడలి చేతిది తిననోని చేతిది నాకెందుకు? తీస్కపో." గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు.

గంగామణి విస్తరి పట్టుకుని బయటికి వచ్చింది. కిష్టయ్య ఆ మాట విన్నాడు. వ్రతం పట్టినవాడికి ఇంకొకరి పట్టుదల మీద గౌరవం ఉంటుంది కదా, ఆ గౌరవంతోనే అన్నాడు, "ఆమె నేమం ఆమెది బిడ్డా. నువ్వు కూసో, సల్లారుతది."

గంగామణి విస్తరిని ఆయన ముందు పెట్టి నిలబడింది.

"నేను గూడ తినను బాపు."

"ఆకలైతలేదా?"

"అయితున్నది. అయినా తినను."

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో కిష్టయ్యకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎంతమంది ఇండ్ల ముందు ఎన్ని విస్తర్లు తాను కాదని లేచి వచ్చాడో లెక్కలేదు. తాను వండింది తిననన్న మనిషిని మాత్రం ఈ పూట దాకా ఆయన చూడలేదు. కలుపుదామని అన్నం మీద పెట్టిన చెయ్యిని అట్లాగే ఉంచి కూర్చున్నాడు.