బొట్టు పెట్టని మిషను

మహర్నవమి నాడు మధ్యాహ్నం మూడున్నరకు గ్రేస్ గిద్దలూరులో మూడో నెట్ సెంటరుకు వచ్చింది. మొదటి రెండూ మూసి ఉన్నాయి. ఇది తెరిచే ఉంది. లోపల కంప్యూటర్లన్నిటికీ బంతిపూల దండలు, బొట్లు. గుమ్మంలో స్టూలు మీద యజమాని కోటి తల్లి వెంకాయమ్మ కూర్చుని ఉంది.

బీఎడ్ సీటుకు కాలేజీల వరుస పెట్టి పంపడానికి సాయంత్రం ఐదే గడువు. మూడు రోజులుగా మొరాయించిన సైటు ఈ పొద్దునే తెరుచుకుంది. ఫోనులో చూస్తే పేజీ చివరి బటన్ కనబడదు. అందుకే కొమరోలులో బస్సెక్కింది. ఈ గడువు దాటితే ఏడాది పోతుంది.

"అన్నా, పది నిమిషాలు."

"పూజ చేసినాం పాపా. రేపటిదాకా వాటితో పని చేయకూడదు," అన్నాడు కోటి. అని తల్లివైపు చూశాడు.

గ్రేస్ మెడలోని తాడు తీసి, దానికి కట్టుకున్న పెన్‌డ్రైవు చూపించింది. ఆమెకు సొంత కంప్యూటర్ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం అందులో పెట్టుకుని తిరుగుతుంది. ఏ కంప్యూటర్‌కు గుచ్చి ఆన్ చేసినా ఆమె ఫైళ్లతో, ఆమె పాస్‌వర్డులతో తెర వస్తుంది. కిందటేడు ఒక సెంటర్లో ఆమె పాస్‌వర్డు సేవ్ అయిపోతే, ఎవరో ఆమె దరఖాస్తులో గేదె ఫోటో పెట్టారు. అప్పటినుంచి ఇదే పద్ధతి.

"నీ కంప్యూటర్‌లో ఉండేదేదీ లేవదన్నా. నాదే నడుస్తాది."

"కీబోర్డు ఎవరిది?" అంది వెంకాయమ్మ.

"మీదే అవ్వా."

"దానికీ బొట్టు పెట్టినా. మౌసుకు కూడా పెట్టినా, అది రెండుసార్లు జారిపోయింది."

గ్రేస్ లోపలికి తొంగి చూసింది. ప్రింటరుకు దండ. స్టెబిలైజరుకు దండ. వెనక అట్టపెట్టె మీద ఒక లాప్‌టాప్ దుమ్ముతో ఉంది. దానికి బొట్టు లేదు.

"అదేంది?"

"సుందరరాజు సారుది, రిపేరుకిచ్చినాడు. హార్డ్ డిస్కు పోయింది. కొత్తది కొనుక్కోమని చెప్పినా," అన్నాడు కోటి.

"చచ్చినదానికి పూజేంది?" అంది వెంకాయమ్మ.

"అవ్వా, అయితే దాన్ని ముట్టుకోవచ్చా?"

వెంకాయమ్మ ఆలోచించింది. ఇట్లాంటి కేసు ఆమె ముందుకు ఎప్పుడూ రాలేదు. "ముట్టుకో. అది లేస్తే గదా."

కోటి సారుకు ఫోన్ చేసి అడిగాడు. సారు సరేనన్నాడు. గ్రేస్ చార్జరు తగిలించి, పెన్‌డ్రైవు గుచ్చి, పెన్‌డ్రైవు నుంచే లేచేలా, ఆన్ చేస్తూ ఎఫ్ పన్నెండు మీట నొక్కి పట్టుకుంది. నల్ల తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. రెండు నిమిషాలకు ఆమె తెర వచ్చింది.

"చచ్చిందంటివి గదరా!" వెంకాయమ్మ స్టూలు దిగింది.

"డిస్కు పోయిందన్నానమ్మా. డిస్కంటే పొయ్యి అనుకో, అది ఆ పిల్ల సొంతంగా తెచ్చుకుంది," అన్నాడు కోటి.

"కాదవ్వా, పొయ్యి ఈడిదే. బియ్యం, పప్పు, ఉప్పు నావి," అంది గ్రేస్.

రౌటరుకూ బొట్టు ఉండడంతో గ్రేస్ తన ఫోన్‌లోని నెట్ కలిపింది. పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. ముప్పై కాలేజీలు వరుసలో పెట్టింది. నాలుగూ నలభైకి పేజీ ఒకసారి ఆగిపోయింది. కోటి వెనక నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు. వెంకాయమ్మ లాప్‌టాప్ మీద దుమ్మును కొంగుతో తుడవబోయింది.

"అవ్వా, కదిలించద్దు! పెన్‌డ్రైవు ఊడిందంటే అంతా పోతాది."

వెంకాయమ్మ కొంగు వెనక్కి తీసుకుని చేతులు కట్టుకుంది. నాలుగూ యాభై రెండుకు ఆప్షన్లు నమోదయ్యాయని తెర మీద వచ్చింది. గ్రేస్ రసీదు పెన్‌డ్రైవులో దాచి, లాప్‌టాప్ ఆపి, తాడు మెడలో వేసుకుంది.

"మొదట ఏ కాలేజీ పెట్టినావు?" అంది వెంకాయమ్మ.

"మార్కాపురం."

"మా కూతురు మల్లి అక్కడే ఉండాది. సీటొస్తే వాళ్లింటికి పో, ఆడ కూర్చుని నాకు ఫోన్ చెయ్యి." ఆమె లోపలికి వెళ్లి, కాగితంలో నాలుగు గారెలు చుట్టి తెచ్చింది. "ఆలస్యమైతే ఐదున్నర బస్సుకు కిటికీ పక్కన సీటు దొరకదు. బిన్నా పో."