ఆఖరి ప్రశ్నకి నేను రాసిన జవాబు

ఆ ఆదివారం మధ్యాహ్నం మల్కాపురంలో మామయ్య వాళ్లింట్లో మొదట నలుగురమే ఉన్నాం. శ్రీరామ్మూర్తి మామయ్య, రోజారమణి అత్త, మా అమ్మమ్మ కాశమ్మ, నేను. మూడున్నరకి మామయ్యతో పనిచేసే సాయిశంకర్ వచ్చాడు. నాలుగు కొట్టకముందే వాళ్ల కంపెనీ ఆఫీసు నుంచి ఆశాజ్యోతి మేడమ్ వచ్చింది. ఆమె గుమ్మం బయట చెప్పులు విడిచింది. ఆమె ఎందుకు వచ్చిందో అమ్మమ్మకి తప్ప అందరికీ తెలుసు. మామయ్య పోర్టు పాసు ఉండడమా, పోవడమా అన్నది ఆమె రాసే రెండు వాక్యాల మీద ఉంది. పాసు లేకపోతే పోర్టు గేటు దాటనివ్వరు. గేటు దాటలేకపోతే మామయ్యకి ఉద్యోగం లేదు.

ఇదంతా నా మూలంగానే వచ్చింది.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. పది దాకా మా ఊరి బడిలో చదివి ఇంటర్‌కి ఇక్కడ చేరాను. కొత్తవాళ్ల ముందు నా గొంతు లేవదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తుతాను గాని పలకను. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ రాసుకునే అలవాటే మామయ్య మీదికి ముప్పు తెచ్చింది.

మామయ్య ఒక కాంట్రాక్టు కంపెనీలో పంతొమ్మిదేళ్లు క్రేన్ నడిపాడు. ఓడలోంచి బొగ్గు తీసి లారీల్లో పోసే క్రేన్ అది. బొగ్గు పట్టుకునే ఇనుప తొట్టిని గ్రాబు అంటారు. సముద్రపు గాలికి గ్రాబు ఊగుతూ ఉంటుంది. ఊగుతుండగా తెరిస్తే బొగ్గు లారీలో పడదు, పక్కన ఉన్న మనుషుల మీద పడుతుంది. ఊపు ఆగే క్షణం ఒకటి ఉంటుందట, అప్పుడే తెరవాలి. పైన కూర్చున్నవాడికి ఆ క్షణం సరిగ్గా తెలియదు కాబట్టి కింద ఆకుపచ్చ కోటు వేసుకున్న మనిషి ఒకడు చేత్తో సైగ చేస్తాడు. ఆ కోటు లేనివాడు సైగ చెయ్యకూడదు. చేస్తే పెద్ద నేరం. ఒక్క ‘ఆపు’ అన్న సైగ మాత్రం దారినపోయేవాడు చేసినా క్రేన్ ఆపి తీరాలి. ఇవన్నీ మామయ్య చెప్పినవే.

దసరా వెళ్లాక పాత క్రేన్ తీసేసి కంప్యూటర్ తెరలున్న కొత్తది తెచ్చారు. దాన్ని డిప్లొమా చదివిన సాయిశంకర్‌కి ఇచ్చి, మామయ్యని లారీలు తూచే కాటా గదిలో కూర్చోబెట్టారు. లారీ వచ్చి కాటా ఎక్కుతుంది, చీటీ దానంతటదే బయటికి వస్తుంది. దాన్ని చింపి డ్రైవరుకి ఇవ్వడమే పని. జీతం తగ్గించలేదు. గదిలో ఫ్యాను కూడా ఉంది. ఇన్నేళ్లకి చొక్కాల్లో బొగ్గు పోయిందని, సబ్బు సగమే అవుతోందని అత్త వీధంతా చెప్పుకుంది. మామయ్య మొహం చూసినప్పుడల్లా, మా ఆయనకి ఎండలో మాడితేగాని అన్నం అరగదు అని వెక్కిరించేది.

అంతకుముందు మామయ్య ఇంటికి రాగానే ఆ రోజు గాలి ఎటు వీచిందో, ఏ ఓడ ఎలా ఒరిగిందో చెప్పేవాడు. కాటా గదికి వెళ్లాక ఏమైందని అడిగితే లారీలొచ్చాయి, లారీలెళ్లాయి అనేవాడు, అంతే. సెలవు రోజున కూడా గడ్డం గీసుకునే మనిషి వారానికోసారి గీసుకోవడం మొదలుపెట్టాడు. 

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు పొద్దున్న నేను మెట్టు మీద కూర్చుని చదువుకుంటుంటే పక్కన కూర్చుని, “నీతో సెప్తే గోడతో సెప్పినట్టే గదా” అన్నాడు. తర్వాత చెప్పాడు. సాయిశంకర్‌కి తెరలు చూడడం వచ్చుగాని గాలి తెలియదట. రెండుసార్లు బొగ్గు లారీ పక్కన పోశాడట, ఒక క్లీనరు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడట. ఆ రోజు నుంచి మామయ్య అన్నం వేళ కాటా గది వెనక నిలబడి గుప్పిట పైకెత్తుతున్నాడు. ఊపు ఆగిన క్షణాన గుప్పిట తెరుస్తాడు. పైన ఆ అబ్బాయి కోటు మనిషిని కాక ఆ చేతినే చూసి, అప్పుడే గ్రాబు తెరుస్తాడు. ఇద్దరూ ఈ మాట పైకి అనుకోనే లేదట. చెప్తూ చెప్తూ మామయ్య నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. అది డైరీలో రాసుకున్నాను.

తర్వాత ఫారం వచ్చింది. పనివాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని కంపెనీ నాలుగు పేజీల కాగితం ఇచ్చింది. పేరు రాయనక్కర్లేదు అని పైనే అచ్చువేశారు. మామయ్యకి రాయడం బద్ధకం. నన్ను రాయమన్నాడు. మంచినీళ్లు బాగున్నాయా, బూట్లు సరిపోయాయా, క్యాంటీను ఎలా ఉంది, అన్నిటికీ బాగుందనే రాయించాడు. ఆఖరి ప్రశ్న దగ్గర, నీకు తోచింది రాసీ అనేసి స్నానానికి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న ఇది: పనిలో మీకు అన్నిటికంటే తృప్తినిచ్చేది ఏమిటి?

కింద ఎనిమిది గీతలు ఖాళీగా ఉన్నాయి. మా ఊరి బడిలో మాస్టారు ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దని, ఉదాహరణతో రాస్తేనే పూర్తి మార్కులని చెప్పేవారు. నేను డైరీ తీసి చూసి రాశాను.

“పంతొమ్మిదేళ్లు నేను ఒక్క గుప్పెడు బొగ్గు ఒలకకుండా పోశాను. ఇప్పుడు చీటీలు చింపుతున్నాను. చీటీ ఎవరైనా చింపగలరు. నేను రాని రోజున నా బదులు ఎవరు కూర్చున్నా లారీవాళ్లకి తేడా తెలియదు. అన్నం వేళ మాత్రం కాటా గది వెనక నిలబడతాను. కొత్త క్రేన్ అబ్బాయి నా చెయ్యి చూస్తాడు. నా గుప్పిట తెరిస్తేనే అతను గ్రాబు తెరుస్తాడు. ఆ అరగంటే నేను పని చేసినట్టు ఉంటుంది.”

పేరు రాయలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను. ఆ కంపెనీలో పంతొమ్మిదేళ్లు క్రేన్ నడిపి కాటా దగ్గర కూర్చున్న మనిషి ఒక్కడే ఉన్నాడన్న సంగతి నాకు తట్టలేదు.

శనివారం సాయంత్రం ఆశాజ్యోతి మేడమ్ ఫోన్ చేసింది. ఫారాలు చదివే పని ఆమెది. మామయ్య ఫోన్ పెట్టేసి నన్ను పిలిచి ఏం రాశానని అడిగాడు. అత్త అప్పటికే నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ జవాబుని ఎత్తి రాసుకున్న డైరీ తెచ్చి చదివాను. మామయ్య గోడకి ఆనుకుని విన్నాడు.

“ఇంకోసారి సదువు” అన్నాడు.

మళ్లీ చదివాను. ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. గడ్డం గీసుకున్నాడు.

ఆదివారం మేడమ్ కుర్చీలో కూర్చుని ఆ ఫారం ఒళ్లో పెట్టుకుంది. గుండ్రంగా ఉన్న నా చేతిరాత గుమ్మం దగ్గర నించున్న నాకు కూడా కనిపిస్తోంది. రేపు పొద్దున్న ఫారాలన్నీ పైఆఫీసుకి వెళ్తాయని, ఒక్కోదానికీ నంబరు ఉంది కాబట్టి దీన్ని తీసెయ్యడం కుదరదని చెప్పింది. విచారించాను, ఇది నిజం కాదు అని తను పక్కన రాస్తే అక్కడితో ఆగిపోతుంది. నిజమని రాస్తే మామయ్య పాసు, సాయిశంకర్ క్రేన్ రెండూ పోతాయి. మధురవాడ నుంచి ఎండలో బండి మీద వచ్చింది ఈ మాట ముందుగా చెప్పడానికేనట.

“ఇద్దరు రెండు రకాలుగా చెయ్యి ఊపితే కింద ఉన్న మనిషి చచ్చిపోతాడు మూర్తి గారూ. రూలు ఊరికే పెట్టలేదు” అంది.

మామయ్య తల ఊపాడు. అది ఆయనకి తెలియని సంగతి కాదు.

అత్త మంచినీళ్ల గ్లాసు ఇస్తూ, తన భర్త కాటా గదిలో హాయిగా ఉన్నాడని, పని వదిలి ఎక్కడికీ వెళ్లడని గబగబా చెప్పింది. బఠాణీలు వలుస్తున్న అమ్మమ్మకి ఈ హడావిడి ఏమీ అర్థం కాలేదు. కొడుకు గురించి ఏదో మంచే మాట్లాడుతున్నారనుకుంది.

“ఆడు ఊరికే కూకోడమ్మా. సిన్నప్పుడు మా సావిట్లో ఎడ్లబండి మళ్లించినా ఈడే ముందర నిల్సోని సెయ్యి ఊపీవోడు. ఆడు ఊపితేగాని బండి కదిలీదు కాదు” అంది.

అత్త చేతిలో గ్లాసు తొణికింది. మేడమ్ కలం పట్టుకున్న చెయ్యి ఆగింది. సాయిశంకర్ నేలకేసి చూస్తున్నాడు. 

మేడమ్ ముందు అతన్నే అడిగింది, క్రేన్ మీద ఉన్నప్పుడు ఎవరి సైగ చూస్తావని. కోటు వేసుకున్నాయన సైగే చూస్తానని సాయిశంకర్ చెప్పాడు. చెప్పేటప్పుడు మామయ్య వైపు చూడలేదు. మామయ్య మాత్రం అతన్నే చూశాడు.

మేడమ్ ఇప్పుడు మామయ్య వైపు తిరిగింది. ఆమె గొంతు మెత్తబడింది. ఎప్పుడైనా ప్రమాదం కనిపిస్తే ఆపమని చెయ్యి ఎత్తి ఉంటారు, ఆ ఒక్క సైగ ఎవరైనా చెయ్యొచ్చు, అంతే కదా అని అడిగింది. ఆమె దారి చూపిస్తోందని నాకు కూడా అర్థమైంది. మామయ్య ఊఁ అంటే చాలు.

ఆయన అనలేదు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అత్త కళ్లతో బతిమాలుతోంది. వీధిలో ఏదో లారీ పోయింది.

“ఆపమని కాదు మేడమ్” అన్నాడు మామయ్య. 

ఆయన గొంతులో భయం లేదు. మెట్టు మీద కూర్చుని నాతో చెప్పినప్పటి గొంతు అది. నిటారుగా కూర్చున్నాడు. ఇంకొక్క మాటతో అంతా చెప్పేస్తాడని నాకు తెలిసిపోయింది.

“నేను కల్పించి రాశాను” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పాదాల కింద గచ్చు చల్లగా తగులుతోంది. మేడమ్ నన్ను దగ్గరికి రమ్మంది. గుప్పిట సంగతి, అన్నం వేళ సంగతి కల్పించడానికి నాకెలా తెలుసని అడిగింది. క్రేన్ సైగలు ఫోనులో వీడియోలో చూశానని చెప్పాను. ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది. నమ్మలేదని భయమేసి ఇంకా చెప్పాను. మామయ్య అలాంటివేవీ నాతో ఎప్పుడూ అనలేదని, ఎక్కువ మార్కులొచ్చే వ్యాసంలా ఉండాలని నేనే రాశానని చెప్పాను. అక్కడితో ఆగి ఉండాల్సింది.

“మామయ్యకి కాటా పనే ఇష్టం. క్రేన్ గురించి ఇంట్లో ఎప్పుడూ తలుచుకోడు” అన్నాను.

నా జీవితంలో కొత్తమనిషి ముందు అన్ని మాటలు మాట్లాడడం అదే మొదటిసారి.

మేడమ్ మామయ్యని చూసింది. మామయ్య సాయిశంకర్‌ని చూశాడు. ఆ అబ్బాయి రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. మామయ్య నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

ఆమె ఫారం పక్కన రాసి, పైకి చదివింది. ఇంట్లో అమ్మాయి ఊహించి రాసిందని, శ్రీరామ్మూర్తి గారు కాటా పనిలో తృప్తిగా ఉన్నారని. కింద సంతకం చెయ్యమంది. మామయ్య సంతకం చేశాడు. తన పేరు రాయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

వెళ్తూ మేడమ్ గుమ్మం దగ్గర నా పక్కన ఒక్క నిమిషం ఆగింది. తనకి వచ్చిన మూడువందల ఫారాల్లో ఆఖరి ప్రశ్నకి జవాబు రాసింది నేనొక్కదాన్నేనని మెల్లగా చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

సాయిశంకర్ లేచాడు. అతని మొహానికి నెత్తురు తిరిగి వచ్చినట్టుంది. “బాబాయ్, రేపటికాడ్నుంచి నువ్వు అక్కడ నిల్సోకు. నాను ఎలాగోలాగ అలవాటు సేసుకుంతాను” అన్నాడు. మామయ్య అలాగే అన్నాడు. జాగ్రత్త, ఈశాన్యం గాలి ఉన్నప్పుడు రెండో ఊపు కూడా పోనియ్యి, తొందరపడకు అని చెప్పాడు. అతను తల ఊపి వెళ్లాడు. ఎంత విన్నాడో తెలియదు.

అత్త దేవుడి పటానికి దణ్ణం పెట్టింది. నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ఆమె నన్ను అలా నిమరడం ఎప్పుడూ లేదు. గోడ కూడా మాట్లాడిందే అని నవ్వుతూ టీ కాచి, మామయ్యకి ఇవ్వమని నా చేతికిచ్చింది.

మామయ్య అప్పటికే లోపలి గదిలోకి వెళ్లాడు. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఏదో చెప్పాలని వెళ్లానుగాని, ఉన్న మాటలన్నీ మేడమ్ ముందే అయిపోయాయి.

ఆయన లేచి గడప దాకా వచ్చాడు. కోపంగా లేడు. అలసిపోయినవాడిలా ఉన్నాడు.

“పాసు నిలబెట్టేవు. మీ అత్తకి అన్నం పెట్టేవు. మంచి పనే సేసేవమ్మీ” అన్నాడు.

నేను టీ గ్లాసు ముందుకి చాపాను. ఆయన తీసుకోలేదు.

“నువ్వు రాసినందుకు నాకేటీ బాధనేదు. అవునని ఒక్కసారి నా నోటితో అందామనుకున్నాను. అననియ్యనేదు నువ్వు.”

నేను మామయ్యా అన్నాను. ఆయన చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు. లోపల గెడ పెట్టుకున్నాడు.