ఇంటర్వెల్ దాకా చెప్పిన కథ

మిరపకాయలకు గాటు పెట్టి గింజలు తీయడంతోనే ఆదివారం సగం అయిపోయింది. హాల్లో సిట్టింగ్ జరుగుతోంది. సిట్టింగ్ అంటే మగవాళ్లు కూర్చుని కథ అల్లడం, ఆడది నిలబడి బజ్జీలు వేయడం. సినిమావాళ్ల భాషలో దీనికి ఇంతకన్నా వేరే అర్థం ఉందని దుర్గాభవానికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. చిల్కానగర్‌లోని ఆ రెండు గదుల వాటాలో గాలి వచ్చేది హాల్లోకే. ఆ కాస్త గాలీ వాళ్లకే.

"భవానీ, ఇంకో రౌండు చాయ్!" అని మొగుడు మహిపాల్ కేక.

ఇరవై ఏళ్లకు పైగా అసోసియేట్ డైరెక్టర్‌గానే ఉండిపోయినా, ఇంట్లో కేక వేయడంలో మాత్రం మహానుభావుడు మొదటి రోజు నుంచీ డైరెక్టరే.

వారంలో ఆరు రోజులు ఆమెది నాచారంలో మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం. బెల్టు మీద గోళీల స్ట్రిప్పులు పోతుంటాయి. ఏ గూట్లో గోళీ లేదో చూసి, ఆ స్ట్రిప్పును తీసి పక్కన పడేయాలి. కళ్లు ఆ పని చేస్తుంటే బుర్రకు పని ఉండదు. ఆ తీరికలోనే ఆమె మనుషుల్ని చంపుతుంది. అవును, చంపుతుంది. పాయసంలో విషం కలిపి ఒకణ్ణి, లిఫ్టు గుంతలోకి తోసి ఒకణ్ణి. ఆ తర్వాత పట్టించే ఆధారం ఎక్కడ వదలాలా అని ఆలోచిస్తూ తనలో తాను నవ్వుకుంటుంది. "ఏం మేడమ్, మస్తు ఖుషీగున్నవ్?" అని సూపర్‌వైజర్ అడిగితే, "ఏం లేదు సార్" అంటుంది. ఏమని చెబుతుంది పాపం!

ఈ పిచ్చి ఆమెకు జనగామలో అద్దె పుస్తకాల కొట్టు దగ్గర పట్టుకుంది. అట్ట మీద తుపాకీ, రక్తపు మరక, కెవ్వుమంటున్న ఆడమనిషి. ఆ డిటెక్టివ్ నవలల్ని లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివింది. కొట్టు మూసేస్తుంటే అమ్మానాన్నలతో పోట్లాడి సంచెడు కొనిపించుకుంది. పెళ్లయి వచ్చేటప్పుడు ఆ సంచీ వెంట వచ్చింది. "సంపుడు, నరుకుడు! సంసారం జేసే ఆడిపిల్ల సదివేటియేనా గివి?" అని అత్త రాములమ్మ వచ్చినవాళ్లందరికీ ఆ సంచీ చూపించి నవ్వేది. భవానికి అప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ సంచీ విలువ కనిపెట్టింది మహిపాలే. ఎవరో డైరెక్టర్ క్రైమ్ కథ కావాలంటే, "మా ఇంట్ల సంచెడు నవలలున్నయ్ సార్" అని వచ్చాడు. తనైతే ఒక్క పేజీ తిప్పలేదు. ఆమె కూర తాలింపు వేస్తూ కథ చెప్పాలి, తను గడప మీద కూర్చుని వినాలి, వెళ్లి అక్కడ అప్పజెప్పాలి. ముందు ఇంటర్వెల్ దాకా. అది వాళ్లకు నచ్చితే మిగతా సగం. "ఒక పుస్తకంకెల్లి మొదలు, ఇంకోదాంట్లకెల్లి చివర. అందరు జేసేదే గదనే" అనేవాడు. నిజమే అనిపించేది ఆమెకు. ఉప్పల్ థియేటర్లో తెర మీద రెయిన్‌కోటు వేసుకున్న నీడ నడిచినా, చేతిరుమాలు అంచు మీద అక్షరాలు కనబడినా, చుట్టూ జనం ఉలిక్కిపడేవారు. ఆమె మాత్రం చుట్టాలొచ్చినట్టు సంబరపడేది. అద్దెకొట్టు అరల్లో తను ఎప్పుడో కలుసుకున్నవాళ్లే మరి!

ఒకనాడు రాములమ్మ ఆ సంచీని పాత కాగితాలకు ఉల్లిగడ్డలిచ్చేవాడికి వేసేసింది. "పురుగులు వట్టినయ్, తీసేసిన" అంది. భవాని ఆ పూట అన్నం తినలేదు. ఎవరూ అడగలేదు కూడా. సాయంత్రం మహిపాల్ ఎప్పటిలాగే గడప మీద కూర్చుని "చెప్పు" అన్నాడు. అంతకు ముందోసారి "నేనే ఒకటి అనుకున్న" అని నోరు జారితే, "నువ్వా? నువ్వు చాయ్ మంచిగ వెడ్తవ్, గది సాలు" అని పడీ పడీ నవ్విన మొగుడు. అందుకని ఈసారి "ఒక పుస్తకంల ఉండె" అని మొదలుపెట్టి, తను అల్లుకున్నది చెప్పింది. చెవులు రిక్కించి విన్నాడు. అప్పటి నుంచి అన్నీ ఆమెవే. సంచీ ఇంకా సజ్జ మీదే ఉందని అతని నమ్మకం. సజ్జ మీద ఎన్నడైనా చెయ్యి పెట్టిన పాపాన పోతే కదా!

వాటిలో రెండు సినిమాలయ్యాయి. 'కథ: మహిపాల్' అని తెర మీద పడితే పక్కసీట్లో అతను ఆమె చేయి నొక్కాడు. హంతకుణ్ణి పట్టుకునే ముసలి ఆయమ్మ కాస్తా కండలు తిరిగిన హీరో అయింది. చివరిదాకా బతకాల్సిన పిల్ల మొదట్లోనే శవమై తేలింది. అదేమని అడిగితే, "శవం లేకుంటే టికెట్ ఎట్ల తెగుతదే?" అన్నాడు.

ఇప్పుడు హాల్లో ఉన్నది మూడోది. తేజేష్ అని కోస్తా నుంచి వచ్చిన కొత్త డైరెక్టరు. కథలో ఫ్యాక్టరీకి పోయే ఒక ఇల్లాలు మాయమవుతుంది. పొయ్యి మీద అన్నం లేకపోయేసరికి గాని ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. కీసర గుట్ట కింద ఆమె టిఫిన్ డబ్బా, నెత్తురంటిన చెప్పులు దొరకడంతో ఇంటర్వెల్. ఈ కథ మీద భవానికి ప్రాణం. దీన్ని అల్లుతుంటే ఒకసారి ఖాళీ గూళ్లున్న స్ట్రిప్పులు వదిలేసి తిట్లు కూడా తింది.

మహిపాల్ వంటింట్లోకి వచ్చాడు. "ఏమే, గా పుస్తకం తియ్యి. ప్రొడ్యూసర్ వకీలు అడుగుతుండట. ఇప్పుడు కాపీ కొడితే సినిమా ఆడకముందే ఫోన్లల్ల దొరకవడ్తరు. రాసినోని తాన పర్మిషన్ తీసుకోవాల్నట."

ఆమె బజ్జీల పళ్లెం పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"పుస్తకం లేదు. కథ నాది" అంది. "ఇంతకుముందు రెండూ నావే. పుస్తకాలు ఎప్పుడో పోయినయ్, అత్తమ్మనడుగున్రి."

మూలన కూర్చున్న రాములమ్మ టీవీ గొంతు తగ్గించింది. మహిపాల్ పాలిపోయిన ముఖంతో తేజేష్ వైపు చూశాడు. ఈ మాట చెప్పిన రోజున ఇల్లు కూలుతుందనుకుంది ఇన్నాళ్లూ.

"అబ్బ, బతికించారు వదినగారూ!" అన్నాడు తేజేష్, గుండెల మీద చెయ్యి వేసుకుని. "పొద్దున్నుంచీ ఒకటే టెన్షన్. ఇంట్లో కథే అయితే ఇంక గొడవేముంది? అన్నా, మీ పేరు హాయిగా వేసేసుకోవచ్చు."

"గంతే గదా!" మహిపాల్ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. బజ్జీ కొరికాడు. "జర ఉప్పు తక్కువైంది భవానీ."

అంతే. ఇల్లు కూలలేదు. ఫ్యాను కూడా ఆగలేదు.

వంటింట్లోకి వచ్చి ఆమె గోడకు ఆనుకుంది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసట మాత్రం వచ్చింది. ఎన్ని బజ్జీలు, ఎన్ని చాయ్‌లు, ఎన్ని శవాలు! దాచినన్నాళ్లూ వాళ్లకు తెలియదులే అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు తెలిసింది. తెలిసి, బజ్జీలో ఉప్పు చూశారు. ఇది తట్టుకోవడం కష్టంగా ఉంది.

మహిపాల్ మళ్లీ వచ్చాడు, గొంతు తగ్గించి. "నలుగుర్ల గట్ల అంటరా? నా ఇజ్జత్ పోదా? సర్లే, సెకండాఫ్ చెప్పు. గామెను సంపిందెవరు? మొగుడా, మేనేజరా? ప్రొడ్యూసర్ ఫోన్ల ఉన్నడు."

ఆమె పొయ్యి కట్టేసింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"కథ మీద నా పేరు వెయ్యమను, చెప్త."

"పేర్లదేమున్నదే! నువ్వు నేను వేరా?"

"వేరు గాదనే ఇన్నేండ్లు ఊకున్న."

"పిచ్చి లేసిందా? ఆళ్లు ఎదురుచూస్తున్నరు!"

"చూడనియ్యి. హంతకుడు నా తాననే ఉంటడు. నా పేరు వడ్డనాడు తోలిస్త."

గోడవారనున్న చాప తీసి పరిచింది. పట్టపగలు, ఇంటినిండా మగవాళ్లుండగా, వంటింట్లో నడుం వాల్చింది. మహిపాల్ హాల్లోకి వెళ్లాడు. రాములమ్మ ఏదో గొణిగింది. చాయ్ ఎవరూ అడగలేదు.

"ఏంటన్నా, తేలిందా? ఎవరు చంపారు?" తేజేష్ గొంతు.

మహిపాల్ దగ్గాడు. ఏదో మొదలుపెట్టి ఆపాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపాడు.

"మీ వదిననే అడుగు" అన్నాడు చివరికి.