మూడో తెర మీద పిల్ల

పొద్దున లేవగానే దెయానిరా మొదట కుడివైపు మానిటర్ తుడుస్తుంది. ఊరిని ఆనుకున్న మరకైబో సరస్సు మీంచి వచ్చే గాలికి రాత్రికి రాత్రే అద్దం మీద జిడ్డు పొర కడుతుంది. ఆ తర్వాతే తన మొహం కడుక్కుంటుంది.

బల్ల మీద మూడు మానిటర్లు. ఎడమదానిలో ప్లాన్లు. మధ్యదానిలో, ఎక్కడెక్కడి బిల్డర్ల కోసమో, ఇంకా కట్టని ఇళ్ళకి ఆమె తయారుచేసే బొమ్మలు. కుడిదానిలో, వేరే దేశంలో, లీమాలో ఉన్న చెల్లెలు మైగువాలిదా వంటగది. ఆ వంటగది బల్ల దగ్గర తన కూతురు లిస్మార్. కరెంటు పోతే తప్ప ఆ వీడియో కాల్ ఎప్పుడూ కట్ అవదు.

"కుడిపాయ మధ్యపాయ మీదికి. ఇప్పుడు ఎడమది. గట్టిగా లాగు, బళ్ళో ఊడిపోతుంది."

"నొప్పమ్మా."

"నొప్పంటే జడ బాగా పడుతున్నట్టే. చెవుల వెనక కడిగావా? ఏదీ, తిప్పి చూపించు."

పాలు తాగిందా, స్వెటర్ వేసుకుందా, దగ్గులో గురక ఉందా, అన్నీ ఆ తెరలోంచే చూసుకునేది. చెల్లెలు లీమా వెళ్ళిపోతూ పాపని వెంట తీసుకెళ్ళింది. చేతిలో ఉన్న పనులు ముగించుకుని, కాగితాలన్నీ సరిచేసుకుని వెనకాలే వచ్చేస్తానని దెయానిరా మాటిచ్చింది. అప్పటికి పాపకి ఏడేళ్ళు.

పని త్వరగా తెమలాలని పక్కసందులో కంప్యూటర్లు బాగుచేసే నేరియో చేత, తెర మీద బొమ్మలు తేల్చే గ్రాఫిక్స్ కార్డుని ఓవర్‌క్లాక్ చేయించుకుంది. కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి పరిగెత్తించడం అన్నమాట. ఎలా పెంచాలో చూసి నేర్చుకుని, కొత్త పని వచ్చినప్పుడల్లా తనే ఇంకాస్త పెంచుకుంటూ పోయింది. బొమ్మలు ఎంత త్వరగా తేలితే పిల్ల దగ్గరికి అంత త్వరగా వెళ్ళొచ్చనుకుంది.

అప్పుడే కుడి తెర రెప్ప వెయ్యడం మొదలుపెట్టింది. క్షణం నల్లబడి మళ్ళీ వెలిగేది. ఒక రెప్పపాటులో లిస్మార్‌కి ముందుపన్ను వచ్చేసింది. ఇంకో రెప్పపాటులో మెడ దగ్గర గుండీ పట్టడం మానేసింది.

"అక్కా, యూనిఫామ్ మళ్ళీ పొట్టయిపోయింది. ఈసారి లోపలికి బాగా మడత వదిలి కుట్టించా," అంది మైగువాలిదా. బెంచీలో కాళ్ళు పట్టడం లేదని టీచర్ పిల్లని పై తరగతికి పంపింది. నెల తిరక్కుండా ఆ పై తరగతికి.

ఒక పొద్దున దెయానిరా, "కుడిపాయ..." అనబోతే, "నాకు వచ్చులే అమ్మా," అంది లిస్మార్, తల ఎత్తకుండానే.

ఆ రోజే దెయానిరా నేరియోని పిలిచింది.

నేరియో వస్తూనే కంప్యూటర్ డబ్బా మీద చెయ్యిపెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. "ఇది కంప్యూటరా అమ్మాయ్, మొక్కజొన్న అరేపాలు కాల్చే పెనమా? ముందు కాఫీ పెట్టు. దీనిమీద పెట్టినా కాగుతుంది."

బ్రష్షుతో దుమ్ము దులిపాడు. కేబుళ్ళు అటూ ఇటూ మార్చాడు. లీమా ఏ తెర మీదికి మారితే ఆ తెరే రెప్పవేసింది. అంటే తప్పు కేబుల్‌ది కాదు, మానిటర్‌దీ కాదు. ఒక మానిటర్ తీసేసి చూశాడు. ఫ్యాను గోల తగ్గింది. మళ్ళీ తగిలించాడు. గోల మొదలైంది.

"మూడు తెరలు మొయ్యాలంటే దీనికి పని లేనప్పుడు కూడా విశ్రాంతి ఉండదు. దానికి తోడు నువ్వు కొరడా పుచ్చుకున్నావు," అంటూ వేగం కాస్త తగ్గించాడు. తెర కుదురుకుంది. నిర్ధారణ కోసం పెంచి చూశాడు. తెర రెప్పవేసింది. లిస్మార్ జడ నడుం దాటింది.

"అదీ సంగతి. పిల్ల కార్డు వేగంతో నడుస్తోంది," అన్నాడు నేరియో, ప్లగ్గు వదులైందని చెప్పినట్టు. "మార్కెట్ వెనక వీధిలో ఒకాయనకీ ఇదే అయింది. అటువైపు వాళ్ళ నాన్న జుట్టంతా తెల్లబడింది. వేగం తగ్గించాక ఆగిందిలే."

"మళ్ళీ నల్లబడిందా అన్నా?"

నేరియో కాఫీ గ్లాసులోకి చూశాడు. "లేదమ్మా."

దెయానిరా కుడి తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "లిస్మార్, నీకిప్పుడు ఎన్నేళ్ళే?"

"రేపటికి పదిహేను. పిన్ని కేకు చెప్పింది. నీకు గుర్తులేదా?"

వాళ్ళ ఆచారంలో పదిహేనో పుట్టినరోజున అందరి ముందూ ఆడపిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, తండ్రి, తండ్రి లేకపోతే తల్లి, మోకాళ్ళ మీద వంగి చదును చెప్పులు విప్పి ఎత్తు మడమల జోడు తొడుగుతారు. పాప పుట్టినప్పటి నుంచీ దెయానిరా ఆ రోజుని కళ్ళముందు పెట్టుకుని బతికింది. లీమాకి బస్సులో రోజులకి రోజులు పడుతుంది.

"అన్నా, కంపెనీ వేగం కంటే కిందికి తగ్గించగలవా?"

"తగ్గించొచ్చు. కానీ నువ్వు చేస్తున్న ఆ హోటల్ బొమ్మ ఈ జన్మలో పూర్తవదు."

"హోటల్ ఎవడిక్కావాలి? నేను లీమా చేరేదాకా పిల్లకి రేపు రాకూడదు."

"కరెంటు పోతేనో?"

నేరియో లేచి వెళ్ళి రెండు లారీ బ్యాటరీలు దొర్లించుకొచ్చాడు. "నువ్వెళ్ళు. నేనిక్కడ కూర్చుంటా. ఈ ఇంటి దోమలు మాత్రం పస్తుండాలా ఏంటి?"

వేగాన్ని అడుగుకి దించాడు. తెర మీద లిస్మార్ చెంచా ఎత్తడం మొదలుపెట్టింది. ఆ చెంచా నోటిదాకా వచ్చేసరికి మరకైబోలో మధ్యాహ్నమైంది.

అప్పుడు గుర్తొచ్చింది దెయానిరాకి, కాలి కొలత తెలియదని. తెరలో వంటగది ఎప్పుడూ బల్ల అంచు దగ్గరే ఆగిపోయేది. చెవులు చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చాపించి చూసింది. పాదాలు మాత్రం ఒక్కసారీ చూడలేదు. "కాళ్ళు చూపించవే తల్లీ," అంది. లిస్మార్ పెదవులు విడివడడానికే సాయంత్రమైంది. ఇక ఆగలేక, పిల్ల కదా అని తన పాదం కంటే కొంచెం చిన్నది, తెల్ల సిల్కు జోడు కొని సంచీలో పెట్టుకుని బస్సెక్కింది.

నేరియో కాపలా కాశాడు. కరెంటు పోతూ వస్తూ ఉంది. తెర మీద మైగువాలిదా మామూలుగానే అటూ ఇటూ తిరుగుతూ, కదలని పిల్ల చుట్టూ తుడుచుకుంటూ, కేకు మీద మూత సర్దుతూ ఉంది.

ఒక రోజు ఆ వంటగది తలుపు తెరుచుకుంది. దెయానిరా లోపలికి వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి, చిక్కిపోయి ఉంది. కూతుర్ని ముట్టుకోకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత బల్ల కిందికి వంగి కనబడకుండా పోయింది.

"అన్నా, ఇప్పుడు," అన్న గొంతు వినబడింది.

నేరియో వేగాన్ని కంపెనీ పెట్టిన అంకెకి తెచ్చాడు. లిస్మార్ రెప్ప వేసింది. కిందికి చూసింది.

"అమ్మా?" అంది. "నువ్వింత చిన్నగా ఉంటావా?" అంది.

కింద నుంచి సిల్కు రాపిడి. ఇంకోసారి. ఇంకోసారి.

"పట్టడం లేదే తల్లీ."

"ఏడవకమ్మా. వేళ్ళు దూరాయిగా, చాలు. మునివేళ్ళ మీద నిలబడతాలే."

లిస్మార్ లేచింది. నడుం నుంచి భుజాల దాకా కనబడింది, అంతే. తల తెర పైఅంచు దాటి వెళ్ళిపోయింది.

నేరియో డబ్బా వెనక్కి వంగి, ఇక అక్కర్లేని మూడో తెర కేబుల్ పీకేశాడు. ఫ్యాను నెమ్మదించింది.